కర్ట్ కోబేన్: హోరుకు పేరుపడ్డ గాయకుడు ఇంట్లో పాడుకున్న పాటలు

1991లో లాస్ ఏంజెలెస్‌లోని సౌండ్ సిటీ స్టూడియోలో 'నిర్వాణా' బృందం ఒక పాట దగ్గర ఆగిపోయింది. డ్రమ్స్, బేస్ గిటార్ తోడైతే 'సమ్‌థింగ్ ఇన్ ది వే' కుదరడం లేదు. గాయకుడు కర్ట్ కోబేన్ కంట్రోల్ రూమ్‌లోకి వచ్చి, సోఫాపై వెల్లకిలా పడుకుని, ఆ పాట ఎలా ఉండాలో గొణుగుతున్నట్లుగా పాడి వినిపించారు. నిర్మాత బుచ్ విగ్ ఫ్యాన్ ఆపి, ఫోన్ తీగ తీసేసి, అక్కడే రికార్డు చేశారు. వాయించిన గిటార్ తాకట్టు దుకాణంలో చవకగా కొన్నది. దానికి ఉన్నవి ఐదు తీగలే, శ్రుతి కూడా సరిగా నిలిచేది కాదు.

కోబేన్‌కు అది కొత్త పద్ధతి కాదు. స్టూడియోలోకి ఆయన తన ఇంటి అలవాటునే తెచ్చుకున్నారు.

1967 ఫిబ్రవరి 20న వాషింగ్టన్ రాష్ట్రంలో, కలప పరిశ్రమపై బతికే అబర్డీన్ పట్టణంలో ఆయన జన్మించారు. తొమ్మిదేళ్ల వయసులో తల్లిదండ్రులు విడిపోయారు. ఆ తరువాత బంధువుల ఇళ్ల మధ్య తిరుగుతూ పెరిగారు. పద్నాలుగో పుట్టినరోజుకు మేనమామ గిటార్ ఇచ్చారు. సంగీతం తెలిసిన పిన్ని ఇంట్లో టేప్ రికార్డర్ ఉండేది. 1982లో అక్కడే, ఖాళీ సూట్‌కేసును డ్రమ్ముగా చేసుకుని, తొలి పాటలు రికార్డు చేసుకున్నారు.

1987లో క్రిస్ట్ నోవోసెలిక్‌తో కలిసి బృందాన్ని స్థాపించారు. దానికి పెట్టుకున్న పేరు మనకు బౌద్ధం ద్వారా సుపరిచితమైన 'నిర్వాణం'. ఆ పేరుకూ వారి సంగీతంలోని హోరుకూ పొంతన లేదనిపిస్తుంది. ఒలింపియాలోని అద్దె ఇంట్లో మాత్రం కోబేన్ ఒంటరిగా క్యాసెట్లు నింపుతూనే ఉన్నారు. సగంలో వదిలేసిన బాణీలు, మాటలు కుదరని పల్లవులు, రకరకాల శబ్దాల అతుకులు వాటిలో ఉన్నాయి.

1991 సెప్టెంబరులో విడుదలైన 'నెవర్‌మైండ్' మరుసటి జనవరిలో మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌ను వెనక్కి నెట్టి అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ఆ కీర్తి ఆయనకు ఊపిరాడనివ్వలేదు. తీవ్రమైన కడుపునొప్పి, హెరాయిన్ వ్యసనం ఆరోగ్యాన్ని కుంగదీశాయి.

1993 నవంబరు 18న న్యూయార్క్‌లో ఎంటీవీ కోసం బృందం చేసిన 'అన్‌ప్లగ్డ్' కచేరీలో ఆ ఇంటి గొంతు తొలిసారి లోకమంతటికీ వినిపించింది. లిల్లీ పూలు, కొవ్వొత్తులు ఆయన కోరి పెట్టించుకున్నవే. ప్రేక్షకులు ఆశించే పెద్ద విజయగీతాలను చాలావరకు పక్కనపెట్టి, పాడిన పద్నాలుగింటిలో ఆరు ఇతరుల పాటలే ఎంచుకున్నారు. చివరిది జానపద గాయకుడు లెడ్ బెల్లీ పాడగా ఆయన విని అభిమానించిన పాట. ఆ రాత్రి వాయించిన గిటార్ 2020 వేలంలో 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఐదు తీగల పాత గిటార్‌ను తలచుకుంటే నవ్వు వస్తుంది.

ఆయన్ను కుంగుబాటు నుంచి బయటకు తేవాలని, ఆర్.ఇ.ఎమ్. బృంద గాయకుడు మైకేల్ స్టైప్ కలిసి పాటలు చేద్దామని పిలిచి, విమానం టికెట్ కూడా పంపారు. కోబేన్ వెళ్లలేదు. 1994 ఏప్రిల్ 5న సియాటిల్‌లోని తన ఇంట్లో ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 27, కుమార్తెకు రెండేళ్లయినా నిండలేదు.

మిగిలినవి క్యాసెట్లు. చివరి ఏడాది ఇంట్లో పాడుకున్న 'డూ రే మీ' 2004లో వెలువడింది. అందులో ఒక గిటార్, ఒక గొంతు తప్ప మరేమీ లేవు. దర్శకుడు బ్రెట్ మోర్గన్ వందకు పైగా టేపులు విని 2015లో డాక్యుమెంటరీ తీశారు. అదే ఏడాది వచ్చిన సంకలనంలో, బీటిల్స్ పాట 'అండ్ ఐ లవ్ హర్'ను కోబేన్ తనకోసమే అన్నట్లు నెమ్మదిగా పాడుకున్న టేపు కూడా ఉంది.

వాటిని లోకం వినాలని ఆయన కోరుకున్నారా? సగం పాటలను, సరదా కూతలను కూడా అమ్మకానికి పెట్టడం ఈ వ్యాసకర్తకు ఇబ్బందిగానే అనిపిస్తుంది. అయినా ఆ బీటిల్స్ పాట మొదలైతే మధ్యలో ఆపడం కష్టం.