సుక్కూర్ ఇసుక నుంచి గండిపేట దాకా: నీళ్ల ఇంజినీరు విశ్వేశ్వరయ్య

సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూర్ పేరు చెబితే ఇవాళ ఎవరికైనా గుర్తొచ్చేది 1932లో పూర్తయిన బ్యారేజీ. అంతకు దాదాపు నాలుగు దశాబ్దాల ముందే అదే ఊళ్లో, అదే నదిని నమ్ముకుని ఒక మంచినీటి పథకం లేచింది. పరిమాణంలో బ్యారేజీ ముందు అది పిల్లకాలువ లాంటిది. దాన్ని పూర్తి చేసిన ఇంజినీరుకు అప్పటికి ముప్పై నాలుగేళ్లు నిండలేదు. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

మైసూరు దివాన్‌గా, కృష్ణరాజసాగరం నిర్మాతగా, భారతరత్నగా ఆయన మనకు బాగా తెలుసు. సెప్టెంబర్ 15న ఇంజినీర్ల దినోత్సవం రోజున దండలు పడేది కూడా ఆ తలపాగా బొమ్మకే. ఆయన పనితనం రూపుదిద్దుకున్నది మాత్రం డబ్బు లేని మున్సిపాలిటీల కుళాయి పథకాల్లో. ఆ భాగాన్ని మనం తొందరగా దాటేస్తాం.

1861లో చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో పుట్టారు. పూర్వికులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. తరాల క్రితం మైసూరు సీమకు వలస వెళ్లినా ఇంటిపేరులో ఊరు మిగిలింది, ఇంట్లో తెలుగు మిగిలింది. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ 1881లో బీఏ పూర్తి చేశారు. మైసూరు ప్రభుత్వ సాయంతో పుణె వెళ్లి ఇంజినీరింగ్ చదివి, 1884లో బొంబాయి ప్రెసిడెన్సీ ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరారు. సింధ్ అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలో భాగం. అందువల్లే నాసిక్, ఖాందేశ్‌లలో పనిచేసిన మనిషిని సుక్కూర్‌కు పంపడం వీలైంది.

అక్కడి సమస్య విచిత్రమైనది. ఊరి పక్కనే మహానది పారుతోంది, తాగడానికి నీళ్లు లేవు. సింధు నీళ్లు ఇసుకతో, ఒండ్రుతో ఎర్రగా ఉంటాయి. వాటిని గుట్ట మీది ట్యాంకుకు పంపులతో ఎక్కించి గొట్టాల్లో వదలొచ్చు. ముందు వడపోయాలి కదా! వడపోత తొట్లు కట్టించే స్తోమత మున్సిపాలిటీకి లేదు. అప్పుడు విశ్వేశ్వరయ్య ఏటిలోనే, ఒడ్డుకు దగ్గరగా బావి దింపించారు. నది అడుగున ఉన్న ఇసుక పొరల గుండా ఊరిన నీరు బావిలోకి చేరేసరికి తేటపడుతుంది. అక్కడి నుంచి తోడి గుట్టకు ఎక్కిస్తే సరిపోతుంది. 1895 నాటికి పథకం పూర్తయింది.

మన పల్లెల్లో ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమ తీసి, మొదటి మురికి నీళ్లు తోడి పారేసి, తేట నీళ్లు ఊరేదాకా కూర్చున్నవాళ్లకు ఈ ఉపాయం కొత్తది కాదు. సుక్కూర్ బావిని నేను అలాగే చూస్తాను, ఊరంతటికీ సరిపడే చెలమగా. డబ్బుతో చేయించలేని పనిని నదితోనే చేయించుకోవడం అందులోని తెలివి.

అదే తెలివి పుణెలో ఇంకో రూపం ఎత్తింది. నగరానికి, సైనిక స్థావరానికి నీళ్లిచ్చే ఖడక్‌వాస్లా జలాశయం, అప్పటి పేరు ఫైఫ్ సరస్సు, ఏటా వానల్లో నిండి పొర్లేది. వేసవికి నీళ్లు చాలేవి కాదు. ఆనకట్ట ఎత్తు పెంచితే ఖర్చు ఎక్కువ, పాత కట్టడం మీద భారమూ ఎక్కువ. ఆయన మిగులు నీరు పొర్లే చోట తలుపులు అమర్చారు. నీరు నిర్ణీత మట్టం దాటితే ఆ నీటి బలంతోనే అవి తెరుచుకుంటాయి, తగ్గగానే మూసుకుంటాయి. అర్ధరాత్రి వరదొచ్చినా మనిషి పరుగెత్తనక్కర్లేదు. 1903లో బిగించిన ఈ తలుపులతో ఆనకట్టను ముట్టకుండానే సుమారు 8 అడుగుల నీరు అదనంగా నిలిచింది. ఈ తలుపులకు ఆయన పేటెంటు కూడా తీసుకున్నారు. తర్వాత గ్వాలియర్ దగ్గరి తిగ్రా ఆనకట్టకు, కృష్ణరాజసాగరానికి ఇలాంటివే వెళ్లాయి. 1906లో ఏడెన్ ఓడరేవు పట్టణపు నీటి సరఫరా, మురుగు పారుదల గురించి సలహా ఇవ్వడానికి ఆయన్నే పంపారు.

ఇక హైదరాబాద్. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరిని ముంచేసింది. వేల ప్రాణాలు పోయాయి. నిజాం ప్రభుత్వం పిలుపు మీద 1909 ఏప్రిల్‌లో విశ్వేశ్వరయ్య వచ్చారు. పైనున్న చెరువుల లెక్క తీయించారు. పరీవాహక ప్రాంతంలో వందలాది చెరువులుంటే, రెండు వందలకు పైగా తెగి వరద మీద వరదను తోశాయని తేలింది. ఊళ్లో గట్లు పెంచడంతో ఆపకుండా, మూసీ మీద, ఈసీ మీద నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఆపాలని సూచించారు.

ఆ ఏడాది చివర్లోనే ఆయన చీఫ్ ఇంజినీరుగా మైసూరు వెళ్లిపోయారు. జలాశయాలు కట్టింది నిజాం ప్రభుత్వ ఇంజినీర్లు, వేలాది కూలీలు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మొత్తం ఘనత ఒక్కరికే కట్టబెట్టడం మన అలవాటు కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది. ఆ తర్వాత ఆయన మళ్లీ వచ్చి నగర మురుగు పారుదల పనులకు సలహాలిచ్చారు. 1962లో, నూరేళ్లు దాటాక, బెంగళూరులో కన్నుమూశారు.

గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రం దాకా నీరు పంపుల్లేకుండా, కేవలం వాలు మీద కాలువలో వచ్చేది. నగరం గర్వంగా చూపించుకోదగ్గ పారిశ్రామిక వారసత్వం అది. చార్మినార్ చూడటానికి వచ్చినవాళ్లలో అటు తిరిగి చూసేవాళ్లు అరుదు. బృందావన్ గార్డెన్స్ ఫౌంటెన్లకున్న గ్లామర్ వడపోత తొట్టికి ఎక్కడినుంచి వస్తుంది?

ఈ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో జీవో 111 వచ్చింది. ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ 2022లో జీవో 69 వచ్చింది. నగరం ఇప్పుడు ప్రధానంగా కృష్ణా, గోదావరి నీళ్లు తాగుతోంది కనుక గండిపేట అవసరం తగ్గిందన్నది ఆ నిర్ణయానికి చెప్పిన ప్రధాన కారణం. తాగునీటి లెక్కలో అది నిజమే కావచ్చు. కానీ 1909లో విశ్వేశ్వరయ్యను పిలిపించింది కుళాయిలు పెట్టించుకోవడానికి కాదు, వరద నుంచి బయటపడటానికి. ఎగువన ఇళ్లు, రోడ్లు పెరిగేకొద్దీ వాన నీరు నేలలో ఇంకకుండా మరింత వేగంగా ఆ రెండు జలాశయాలకు చేరుతుంది. గేట్లు ఎత్తిన రోజు ఆ నీరు పోవలసింది పాత దారినే, నగరం నడిబొడ్డున ఉన్న మూసీలోకే.