కోడి రామమూర్తి పంతులు

కోడి రామమూర్తినాయుడుగారి పేరు చెప్పినంతనే ఱొమ్ముపై నేనుగును నిలిపిన మహాబలుడు మన కన్నులకు గట్టును. సర్కసు గుడారమునకు బూర్వము వారొక బడిలో వ్యాయామోపాధ్యాయులుగ నుండిరన్న సంగతిని తలచువారు కొలది. సాలూరు మొదలగు నూళ్ల యున్నత పాఠశాలలలో బాలురకు కండబలము నలవరచు పంతుళ్లకు వారిని మూలపురుషులని చెప్పదగును.

సాలూరు నేడున్న పార్వతీపురము మన్యము జిల్లాలోనే వీరఘట్టము గలదు. 1882 ప్రాంతమున నాయుడుగారచ్చట జన్మించిరి. చదువుకంటె సాముగరిడీలపై మనసు మెండగుటచే విజయనగరమున పినతండ్రిగారి యింటికి బంపబడిరి. అచ్చట కుస్తీ నేర్చిరి. పిదప మద్రాసు సైదాపేటలో నొక సంవత్సరము వ్యాయామశిక్షణ పొంది, మఱలివచ్చి, తాము చదివిన విజయనగరపు బడిలోనే పంతులైరి. ఆనాడు డ్రిల్లు పంతులకు గల గౌరవమెంత? నేడు మాత్రమేమి! పరీక్షలు సమీపింపగనే వ్యాయామపు గంటను గణితమునకు ధారపోయు బడులు కొల్లలు. అంతటి గురువును బడి నిలుపుకొనలేదు, సర్కసు తీసికొనిపోయినది.

ఊపిరి బిగించి ఇనుపగొలుసు తెంచుట, ఇరువైపుల లాగు రెండు మోటారుకార్లను కదలనీయకుండుట వారి ప్రదర్శనములలో ముఖ్యములు. ఇందింద్రజాలము లేదు. ఱొమ్ముపై నమర్చిన పలకవలన నేనుగు బరువొకచోట గ్రుచ్చుకొనక అంతటను బరచుకొనును. గాలి నిండిన ఱొమ్మును, బిగిసిన కండలును దానిని మోయును. కాని యాకండలొక్కనాట రావు. ఏండ్లతరబడి ప్రాణాయామము చేసి, బరువును కొలదికొలదిగ హెచ్చించుకొనినగాని దేహమంతటి భారమున కొప్పుకొనదు. మొదటిదినముననే బండరాయి నెత్తబోయి నడుము పట్టుకొను కుఱ్ఱవానికి ముందుగ నిలువబడుట, వంగుట, ఊపిరి విడుచుట నేర్పవలసినవాడు పంతులే. నాయుడుగారు శాకాహారులు, మాంసము లేనిదే బలము రాదని వాదించువారు దీనికేమందురో!

ఐదవ జార్జి చక్రవర్తి వారికి ఇండియన్ హెర్క్యులిస్ బిరుదమిచ్చెనని ప్రసిద్ధి. మనవారు కలియుగభీముడనిరి. ఆర్జించిన ధనమును దానధర్మములకే వ్యయపఱచిరని చెప్పుదురు. కడపటి దినములలో కాలికి వ్రణమై, ఆ కాలిని తీసివేయవలసివచ్చెను. 1942 జనవరిలో ఒడిస్సాలోని బలాంగీరున గతించిరి. శ్రీకాకుళమున క్రీడామైదానమునకు వారి పేరిడిరి. విశాఖ సముద్రతీరమున విగ్రహము నిలిపిరి. ఆ విగ్రహమున మల్లుడే కనబడును గాని, సైదాపేట పట్టా పుచ్చుకొని బడికి వచ్చిన పంతులు కనబడడు.