జనవరి 2న పుట్టిన చిన్న తెరేజమ్మ

డిసెంబరు 31 రాత్రి మన విచారణ గుడులు క్రిక్కిరిసి ఉంటాయి. ఏడాది పొడవునా గుడి గడప తొక్కనివారు కూడా ఆ రాత్రి కృతజ్ఞతార్చనకు వస్తారు. పన్నెండు కొట్టగానే గంటలు మ్రోగుతాయి, ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకొంటారు. ఆ ఘడియలో ప్రతివారూ మనసులో ఏదో ఒక తీర్మానం చేసుకొంటారు. తాగుడు మానాలని ఒకరు, అన్నదమ్ములతో మాట కలపాలని ఒకరు, రోజూ ఇంట్లో జపమాల చెప్పుకోవాలని మరొకరు. తీరా చూస్తే పదిహేను రోజులు తిరక్కుండానే, భోగిమంటలో పాత చీపుళ్లతో పాటు కొత్త తీర్మానాలు కూడా కాలిపోతాయి. మరుసటి డిసెంబరుకు మళ్లీ అదే గుడి, అదే తీర్మానం. ఇలా కొన్నేళ్లు గడిచాక మనిషి తనమీద తాను ఆశ వదులుకొంటాడు. నా స్వభావమే ఇంత, నేనిక మారను అని సర్దుకొంటాడు. ఈ సర్దుకోవడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదమని నా అభిప్రాయం. అలా సర్దుకొన్నవారి కోసం ఈ వారం పునీత చిన్న తెరేజమ్మ గారి కథ చెబుతాను.

సిలువను, గులాబీలను గుండెకు హత్తుకొన్న ఆమె స్వరూపం మనకు కొత్త కాదు. ఆమె పేరుమీద మన ప్రాంతంలో బడులూ ఉన్నాయి, గుడులూ ఉన్నాయి. ఆమె పండుగను అక్టోబరు 1న చేసుకొంటాం. కాని ఆమె జీవితంలో జనవరి నెలకు ఎంత చోటుందో చాలామంది గమనించరు. ఫ్రాన్సు దేశంలోని అలాన్సోన్ పట్టణంలో ఆమె పుట్టింది 1873 జనవరి 2న. జ్ఞానస్నానం పొందింది జనవరి 4న. ఆ రోజు జ్ఞానతల్లిగా నిలబడింది పన్నెండేళ్ల పెద్దక్క మరీ.

తండ్రి లూయీ మార్టిన్ గారు గడియారాల పని చేసిన మనిషి. తల్లి జేలీ గారు లేసు పని చేయించి అమ్మేవారు. ఆ దంపతులకు పుట్టిన తొమ్మిదిమందిలో నలుగురు పసితనంలోనే పోయారు. మిగిలిన ఐదుగురు ఆడపిల్లల్లో తెరేజా ఆఖరిది. బిడ్డ బలహీనంగా ఉండడం, తల్లికి పాలిచ్చే శక్తి లేకపోవడం వల్ల ఏడాదికి పైగా పల్లెలో ఒక దాది ఇంట పెరిగింది. 2015లో ఫ్రాన్సిస్ పోపు గారు ఆ తల్లిదండ్రులిద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు. ఆ కుటుంబం సంగతి మరోసారి వివరంగా చెప్పుకోవాలి.

1877 ఆగస్టు 28న జేలీ గారు రొమ్ము క్యాన్సరుతో మరణించారు. తెరేజాకు అప్పటికి నాలుగున్నరేళ్లు. అంతవరకు చలాకీగా, కాస్త మొండిగా ఉన్న పిల్ల ఆ రోజుతో ముడుచుకొనిపోయింది. తండ్రి పిల్లల్ని వెంటబెట్టుకొని వారి మేనమామ ఉండే లిసియూ పట్టణానికి మకాం మార్చారు. రెండో అక్క పౌలీనును తెరేజా తన తల్లిగా ఎంచుకొంది. ఆ పౌలీను కూడా 1882లో కార్మెల్ మఠంలో చేరిపోయింది. మరుసటి ఏడు పిల్లకు వైద్యులకు అంతుపట్టని జబ్బు చేసింది. వణుకు, కలవరింతలు. 1883 మే 13, పెంతెకోస్తు పండుగ నాడు అక్కలు మంచం పక్కన మరియతల్లి స్వరూపం ముందు మోకరించి ఏడుస్తూ ప్రార్థిస్తున్నారు. ఆ తల్లి తనవైపు చూసి చిరునవ్వు నవ్వినట్టు తెరేజా చూసింది. జబ్బు పోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అంత గొప్ప మేలు జరిగినా పిల్ల స్వభావం మారలేదు. స్వస్థత శరీరానికి వచ్చింది, కన్నీళ్లు మాత్రం ఆగలేదు. చీటికి మాటికి ఏడుపే. తెలియక ఎవరినైనా నొప్పిస్తే ఏడ్చేది. ఆ ఏడుపు సద్దుమణిగాక, ఎందుకు ఏడ్చానా అని మళ్లీ ఏడ్చేది. పదమూడేళ్లు వచ్చినా ఇంటిపని రాదు. ఎప్పుడైనా చెల్లి సాయంత్రం పూలకుండీలు లోపల పెట్టిందనుకోండి, అక్క సెలీను అది చూసి ఆశ్చర్యపోయి మెచ్చుకోకపోతే మళ్లీ కన్నీళ్లే. దానికితోడు 1885 నుంచి లేనిపోని పాపభీతి పట్టుకొంది. ప్రతి చిన్న ఆలోచనా పాపమేమోనని భయం. ఆ భయాలు వినిపించుకొని ధైర్యం చెప్పే పెద్దక్క మరీ కూడా 1886 అక్టోబరులో మఠంలో చేరింది. అప్పుడు తెరేజా పసితనంలో పోయిన తన నలుగురు తోబుట్టువులను పరలోకం నుంచి సాయం చేయమని వేడుకొంది. ఆ భయమైతే తీరింది. ఏడుపు తీరలేదు.

ఆమె ప్రయత్నించలేదని కాదు. ప్రార్థించింది, తీర్మానించుకొంది, ఓడిపోయింది. పైగా కఠిన నియమాల కార్మెల్ మఠంలో చేరాలని ఆశ. అలాంటి పిల్ల ఆ నాలుగు గోడల మధ్య ఒక్క వారం నిలబడుతుందని ఎవరనుకొంటారు?

1886 క్రిస్మస్ నడిరేయి పూజకు లూయీ గారు కూతుళ్లతో లిసియూ పునీత పేతురు గుడికి వెళ్లారు. తెరేజా ఆ రాత్రి దివ్యసత్ప్రసాదం స్వీకరించింది. ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. క్రిస్మస్ రాత్రి చిన్నపిల్లల చెప్పులు పొయ్యి దగ్గర పెడతారు, పెద్దవాళ్లు వాటిలో కానుకలు దాస్తారు. తెరేజాకు పద్నాలుగో ఏడు నిండబోతున్నా ఇంటికి ఆఖరిది కనుక సెలీను ఆ ఆచారం మానలేదు. చెల్లి ఒక్కొక్క కానుకా తీసి మురిసిపోతుంటే తండ్రి చూసి ఆనందించేవారు. ఆ రాత్రి మాత్రం అరవైమూడేళ్ల ఆయన అలసిపోయి ఉన్నారు. ఆ చెప్పులు చూడగానే విసుగొచ్చి, ఇది ఆఖరి ఏడు కావడం నయమైంది అనే భావంతో ఒక మాట అన్నారు. టోపీ తీసి పెట్టడానికి మేడమెట్లు ఎక్కుతున్న తెరేజా చెవిన ఆ మాట పడింది.

సెలీనుకు చెల్లి సంగతి తెలుసు. కళ్లలో నీళ్లు అప్పుడే తిరిగాయి. ఇప్పుడే కిందికి దిగవద్దని, ఆ చెప్పులు చూస్తే ఏడుపాగదని అక్క ఆపబోయింది. కాని తెరేజా కన్నీళ్లు మింగుకొంది. గుండె దడదడలాడుతుండగా గబగబా మెట్లు దిగింది. చెప్పులు తండ్రి ముందు పెట్టి, ఏమీ విననట్టే ఒక్కొక్క కానుకా తీసి సంతోషంగా చూపించింది. తండ్రి విసుగు పోయి నవ్వారు. సెలీను తాను చూస్తున్నది కలేమో అనుకొంది.

అంతే జరిగింది. దర్శనం లేదు, దేవదూత లేడు, ఆకాశవాణి లేదు. ఒక జత చెప్పులు, పన్నెండో పదిహేనో మెట్లు. కాని తల్లి పోయిన నాడు పోగొట్టుకొన్న మనోబలం ఆ మెట్లమీద తనకు తిరిగి వచ్చిందనీ, అదే తన పరిపూర్ణ హృదయ పరివర్తన అనీ ఆమె తరువాత రాసుకొంది. రాత్రంతా వలలు వేసి ఏమీ పట్టలేకపోయిన అపోస్తలులతో తనను పోల్చుకొంది. తాను పదేళ్లుగా చేయలేకపోయిన పనిని ప్రభువు ఒక్క క్షణంలో చేశారనీ, తన వైపు నుంచి ఉన్నది మంచి కోరిక ఒక్కటేననీ ఆమె చెప్పుకొంది.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం, వేదశాస్త్రం చదివేవారు దేవవరప్రసాదం గురించి లావుపాటి గ్రంథాలు తిరగేస్తారు. మనిషి తన సంకల్పబలంతోనే మంచివాడు కాగలడని పెలాజియుసు వాదించాడు. పునీత అగుస్తీను గారు ఆ వాదాన్ని ఖండించారు. మంచి కోరిక పుట్టడం కూడా దేవుని వరప్రసాదమేనని 529లో ఒరాంజు సభ తీర్మానించింది. ఆ వరప్రసాదానికి మనిషి స్వేచ్ఛగా సహకరించాలని 1547లో త్రెంతు మహాసభ బోధించింది. ఈ నాలుగు వాక్యాలు పరీక్షలో రాయడం తేలికే. ఆ మెట్లమీది అమ్మాయిని చూస్తే మాత్రం అవి అర్థమవుతాయి. దిగిన కాళ్లు ఆమెవే. దిగే బలం ఆమెది కాదు. ఎంత దేవుడిది, ఎంత మనిషిది అని తూకం వేయడానికి ఆ రాత్రి ఎవరికి వీలవుతుంది?

ఆ ఏడాది ఫ్రాన్సులో వరప్రసాదం ధారాళంగా కురిసిందనిపిస్తుంది. 1886 అక్టోబరు చివరిలోనే చార్లెస్ దె ఫుకో అనే మాజీ సైనికాధికారి పారిసులోని ఒక గుడిలో పాపసంకీర్తనం చేసి దేవునివైపు తిరిగాడు. అదే క్రిస్మస్ నాడు నోత్రదాం దేవాలయంలో సాయంకాల ప్రార్థన వింటూ పోల్ క్లోదెల్ అనే పద్దెనిమిదేళ్ల యువకుడు విశ్వాసి అయ్యాడు. ముందుముందు అతడు పెద్ద కవి అయ్యాడు. వీరిలో ఎవరికీ తెరేజా సంగతి తెలియదు.

కన్నీళ్లు ఆగిన తెరేజా చూపు ఇతరులమీదికి మళ్లింది. 1887 మార్చిలో ప్రాంజీని అనేవాడు పారిసులో ముగ్గురిని చంపాడు. మరణశిక్ష పడింది. వాడిలో పశ్చాత్తాపం లేదని పత్రికలు రాశాయి. తెరేజా వాడిని తన మొదటి బిడ్డగా భావించి ప్రార్థించింది, వాడి కోసం పూజ చెప్పించింది. ఒక్క గుర్తయినా చూపమని దేవుణ్ణి అడిగింది. ఆగస్టు 31న శిరచ్ఛేదం జరిగింది. మరునాడు ఆమె పత్రిక తెరిచి చూసింది. ఆఖరి క్షణంలో వాడు గురువు చేతిలోని సిలువను మూడుసార్లు ముద్దు పెట్టుకొన్నాడని రాసి ఉంది.

పదిహేనేళ్లకే మఠంలో చేరతానంటే పెద్దలు ఒప్పుకోలేదు. ఆమె మేత్రాణుల దగ్గరికి వెళ్లింది. 1887 నవంబరు 20న రోములో 13వ లియో పోపు గారి పాదాల దగ్గర మోకరించి అడిగింది. అక్కడ కూడా తేల్చి చెప్పలేదు. చివరికి 1888 జనవరి 1న మఠం నుంచి ఉత్తరం వచ్చింది. మేత్రాణులు అనుమతించారు. అయితే తపస్సుకాలం ముగిసేవరకు ఆగాలన్నారు మఠం పెద్దలు. కొత్త సంవత్సరం కానుకగా మరో మూడు నెలల ఎదురుచూపు! ఈ మూడు నెలలూ కాస్త తేలిగ్గా గడుపుదామా అన్న ఆలోచన మొదట ఆమెకు కూడా వచ్చింది. తరువాత మనసు మార్చుకొంది. పెద్ద తపస్సులేమీ పెట్టుకోలేదు. ఎదురు జవాబు నాలుక చివరిదాకా వస్తే మింగేయడం, ఎవరికీ తెలియకుండా చిన్న సాయం చేయడం, ఇవే. ఏప్రిల్ 9న మఠంలో అడుగుపెట్టింది.

1889 జనవరి 10న మఠవస్త్రం ధరించింది. ఆ రోజు మంచు కురవాలని కోరుకొంది, కురిసింది. నెల తిరిగేసరికి తండ్రికి మతి తప్పి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఆయన అక్కడ మూడేళ్లకు పైగా ఉన్నారు. 1892 జనవరి 2న, ఆమెకు పందొమ్మిది నిండిన రోజున, విషజ్వరంతో మఠంలో ఒక కన్యస్త్రీ కన్నుమూసింది. ఇంచుమించు మఠమంతా మంచం పట్టగా, తిరగగలిగిన ముగ్గురిలో తెరేజా ఒకతె. రోగులకు సేవ చేసింది, చనిపోయినవారిని సిద్ధం చేసింది. ఒకప్పుడు పూలకుండీ దగ్గర ఏడ్చిన పిల్ల ఈమేనా అనిపిస్తుంది.

1895 జనవరిలో, అప్పటికి మఠాధ్యక్షురాలైన పౌలీను ఆజ్ఞ ప్రకారం, చిన్ననాటి జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టింది. పని తీరిన వేళల్లో, బడిపిల్లల నోటు పుస్తకంలో రాసింది. సరిగ్గా ఏడాదికి, 1896 జనవరి 20 సాయంత్రం, ప్రార్థనవేళ అక్క చేతికి ఇచ్చి తన చోటుకు వెళ్లిపోయింది. అక్క దాన్ని పక్కన పెట్టి నెలల తరువాత గాని చదవలేదు. ఎలా ఉందని చెల్లి ఒక్కసారైనా అడగలేదు.

ఆ ఏడు పవిత్ర గురువారం రాత్రి నోటివెంట రక్తం పడింది. క్షయ. ఆ పాస్కా కాలంలోనే విశ్వాసానికి చీకటి కమ్మింది. పరలోకం అనే మాటే ఆమెకు గోడలా నిలిచింది. ఆ చీకటి చనిపోయేదాకా, ఏడాదిన్నర, వీడలేదు. వరప్రసాదం అంటే మనసుకు హాయిగా ఉండడమే అనుకొనేవారు ఈ సంగతి మరిచిపోతారు. నమ్మకంలో సుఖం లేని ఆ రోజుల్లోనే ఆమె విశ్వాసప్రమాణాన్ని తన రక్తంతో రాసి గుండెమీద దాచుకొంది.

1897 సెప్టెంబరు 30న, ఇరవైనాలుగేళ్ల వయసులో ఆమె మరణించింది. సరిగ్గా ఏడాదికి ఆమె రాతలు రెండువేల ప్రతులు అచ్చయ్యాయి. 1925లో పునీత పదవి, 1927లో వేదవ్యాపక దేశాలకు పాలక పునీతురాలన్న గౌరవం, 1997లో శ్రీసభ పండితురాలన్న బిరుదు వరసగా వచ్చాయి.

ఆ రాతల్లో ఆఖరి పుటలు ఆమె 1897 జూన్, జూలై నెలల్లో రాసింది. కలం సిరాలో ముంచే ఓపిక కూడా లేక చివరి పంక్తులు పెన్సిలుతో రాసింది. అక్కడ ఆమె మగ్దలా మరియమ్మను తలుచుకొంది. లోకంలోని పాపాలన్నీ తన తలమీదే ఉన్నా, పగిలిన గుండెతో పరుగెత్తి యేసు చేతుల్లో వాలిపోతానని రాసింది. దేవుడు తనను పాపంనుంచి ముందే కాపాడాడు కనుక ఈ ధైర్యం చేయడం లేదని, నమ్మకంతోనూ ప్రేమతోనూ ఆయన దగ్గరికి ఎక్కుతున్నానని రాస్తూండగా పెన్సిలు ఆగిపోయింది.