అందరికీ తమ్ముడు: జోసఫ్ తంబి



గన్నవరం దాటగానే వచ్చే పెద అవుటపల్లి పేరు వినని కతోలిక కుటుంబం మన మేత్రాసనంలో ఉండదు. ప్రతి జనవరిలో సంక్రాంతి రోజులలో జరిగే ఉత్సవానికి మీలో చాలామంది పిల్లాపాపలతో వెళ్ళి, సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి, మొక్కు తీర్చుకొని వచ్చి ఉంటారు. మరి ఆ సమాధిలో నిద్రిస్తున్న మనిషి ఎలా జీవించారో ఎప్పుడైనా మీ ఇంట్లో పిల్లలకు చెప్పారా?

జోసఫ్ తంబిగారు 1883లో సైగాన్ నగరంలో ఒక తమిళ కుటుంబంలో జన్మించారు. నేటి వియత్నాంలో ఉన్న ఆ నగరం అప్పట్లో పుదుచ్చేరి వలెనే ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. చిన్నతనంలోనే ఆయన తల్లిని పోగొట్టుకున్నారు. పెద్దయ్యాక కేరళలో, తమిళనాట దైవసేవ చేస్తూ తిరిగి, చివరకు మన ఆంధ్రదేశానికి వచ్చారు. పెద అవుటపల్లిలో స్థిరపడి, 1945 జనవరి 15న అక్కడే ప్రభువునందు నిద్రించారు.

ఆయన గురువు కారు. పునీత ఫ్రాన్సిస్ అస్సీసివారి మూడవ సభకు చెందిన సామాన్య విశ్వాసి. లోకంలో ఉంటూనే సువార్త ప్రకారం బ్రతకగోరేవారి కోసం 13వ శతాబ్దంలో ఏర్పడిన సభ అది. తెలుగు ఆయన మాతృభాష కాదు. ఇక్కడ ఆయనకు పొలం లేదు, బంధుబలగం లేదు. తంబి అంటే తమిళంలో తమ్ముడు. ఏ ఇంటికీ చెందని ఆ మనిషి ప్రతి ఇంటికీ తమ్ముడయ్యారు.

ఆయన చేసిన పని చాలా చిన్నది. ఇంటింటికీ వెళ్ళి అడిగేవారు. వచ్చినది పేదలకు పెట్టేవారు. అవి యుద్ధపు రోజులని మరువకండి. 1942లో బర్మా జపానువారి చేతికి పోయి, అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. 1943లో బెంగాలులో లక్షలాది మంది ఆకలితో చనిపోయారు. కృష్ణా కాలువల క్రింద వరి పండినా, ఆ వరి కోసిన కూలీ ఇంట్లో కుండ నిండుతుందన్న భరోసా ఉండేది కాదు. అటువంటి కాలంలో అడిగి తెచ్చిన పిడికెడు బియ్యం ఎంత విలువైనదో ఊహించుకోండి.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. దానం వేరు, త్యాగం వేరు. ఉన్నదానిలో కొంత ఇస్తే దానం. ఇచ్చాక కూడా మన స్థానం మనకే ఉంటుంది, పైగా పేరు వస్తుంది. తంబిగారి చేతిలో ఇవ్వడానికి ఏమీ లేదు. అందుకని ఆయన తన అభిమానాన్నే ఇచ్చారు. పరుల ఆకలి కోసం పరుల గుమ్మంలో చేయి చాచారు. మనలో వంద రూపాయలు ఇవ్వగలవారు చాలామంది ఉన్నారు. పొరుగువాడి బిడ్డ కోసం మరొకరి గడప దగ్గర నిలబడి అడగగలవారు ఎందరు?

2007లో మన మేత్రాసనం ఆయనను పునీతునిగా ప్రకటించేందుకు విచారణ ప్రారంభించింది. నేడు ఆయన దైవసేవకులు. ఆయన దేహంపై పంచగాయాల గురించి, స్వస్థతల గురించి భక్తులు చెప్పుకుంటారు. వాటిపై తీర్పు తిరుసభదే, మనం తొందరపడరాదు. అయితే తిరుసభ మొదట పరిశీలించేది అద్భుతాలను కాదని గుర్తుంచుకోండి. ఆ మనిషి విశ్వాసాన్ని, నిరీక్షణను, ప్రేమను వీరోచితంగా జీవించాడా అన్నదే మొదటి ప్రశ్న. అద్భుతం ఆ తరువాతి మెట్టు. మనమో, మొదటి మెట్టు వదిలేసి అద్భుతం కోసమే అవుటపల్లి బస్సు ఎక్కుతున్నాం.

మొక్కుకోవద్దని నేననడం లేదు. కష్టంలో ఉన్న తల్లి కన్నీటి ప్రార్థనను దేవుడు త్రోసివేయడు. కాని ఈసారి వెళ్ళివచ్చాక ఒక పని చేయండి. వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి పక్కన పెట్టే అలవాటు మన తల్లులకు కొత్త కాదు. ఆ బియ్యాన్ని గుడికి పంపి ఊరుకోకండి. మీ విచారణలో పొయ్యి వెలగని ఇల్లు ఏదో తెలుసుకొని, మీరే తీసుకువెళ్ళండి, పిల్లలను వెంటబెట్టుకొని. మీది చాలకపోతే పక్కింటి తలుపు తట్టి అడగండి. సిగ్గు వేస్తుంది. ఆ సిగ్గును కూడా బియ్యంతోపాటు ప్రభువుకు అర్పించండి.