గుండెలోకి దారి వేసిన కుర్ర డాక్టర్

బతికున్న మనిషి గుండెలోకి గొట్టం పెడితే అది అక్కడికక్కడే ఆగిపోతుందని వందేళ్ల క్రితం దాకా డాక్టర్లు భయపడేవారు. ఆ భయాన్ని పోగొట్టింది ఏ పెద్ద ప్రొఫెసరో కాదు, జర్మనీలో ఓ చిన్న ఊరి ఆసుపత్రిలో అప్పుడే చేరిన కుర్ర డాక్టర్. పేరు వెర్నర్ ఫోర్స్‌మన్. ఇవాళ మనం వినే యాంజియోగ్రామ్, బెలూన్, స్టెంట్‌లకు తొలి అడుగు ఆయనదే. గతంలో బైపాస్ సర్జరీ అయినవారికి మైట్రల్ కవాటం లీకవుతుంటే, ఛాతీని మళ్లీ కోయకుండా క్లిప్ వేసి సరిచేసే చికిత్స కూడా ఆయన వేసిన దారిలోనే సాగుతుంది.

ఫోర్స్‌మన్ 1904లో బెర్లిన్‌లో పుట్టారు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. లాయరైన తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోతే తల్లి పెంచారు. చదువు పూర్తయ్యాక 1929లో బెర్లిన్ దగ్గరి ఎబర్స్‌వాల్డె ఆసుపత్రిలో చేరారు. గుర్రం మెడ సిరలోంచి గుండెలోకి సన్నని గొట్టం పంపి ఒత్తిడి కొలిచిన ఫ్రెంచి శాస్త్రవేత్తల బొమ్మ ఆయన మనసులో నాటుకుపోయింది. గుర్రానికి ఏమీ కానప్పుడు మనిషికి మాత్రం ఏమవుతుంది? అత్యవసరంలో మందును నేరుగా గుండెకు చేర్చాలంటే అప్పట్లో ఛాతీలోంచి సూది గుచ్చేవారు. దానికంటే సిరలోంచి వెళ్లడమే సురక్షితమని ఆయన ఆలోచన. చీఫ్ సర్జన్ ఒప్పుకోలేదు. రోగుల మీదే కాదు, తన మీద తాను చేసుకోవడానికీ వీల్లేదన్నారు.

ఆ తర్వాత జరిగింది ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నారు. పరికరాలు ఆపరేషన్ థియేటర్ నర్సు గెర్డా డిట్జెన్ అధీనంలో ఉండేవి. ఫోర్స్‌మన్ ఆమెను నమ్మించారు. ప్రయోగం తన మీదే చేయమని ఆమె ముందుకొచ్చింది. ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, కాళ్లూ చేతులూ కట్టేసి, ఆమె చూడని వైపున తన ఎడమ మోచేతి దగ్గర మత్తు ఇచ్చుకుని కోసుకున్నారు. మూత్రనాళాలకు వాడే 65 సెంటీమీటర్ల రబ్బరు క్యాథెటర్‌ను సిరలోకి తోసుకున్నారు. అప్పుడుగానీ ఆమెకు సంగతి అర్థం కాలేదు. కట్లు విప్పాక ఇద్దరూ మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచారు. స్నేహితుడైన మరో డాక్టర్ పరుగున వచ్చి గొట్టం లాగేయబోయినా వినలేదు. నర్సు అద్దం పట్టుకుంటే, అందులో తెర చూసుకుంటూ గొట్టం కొనను కుడి కర్ణిక దాకా పంపి ఎక్స్‌రే తీయించుకున్నారు. గుండె ఆగలేదు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండాయో లేదో!

ఇవాళ ఎవరైనా ఇలా చేస్తే ఎథిక్స్ కమిటీ ముందు నిలబడాల్సిందే. ముఖ్యంగా నర్సును మోసగించిన తీరును సాహసమని మెచ్చుకోలేం.

ఆ ఏడాది నవంబరులో పరిశోధనా వ్యాసం అచ్చయింది. మెప్పు రాలేదు సరికదా, బెర్లిన్‌లోని ప్రసిద్ధ షారిటే ఆసుపత్రిలో ఉద్యోగం ఊడింది. సర్కస్‌లో చేయదగ్గ పని తప్ప వైద్యం కాదన్నట్టు అక్కడి పెద్ద సర్జన్ జవర్‌బ్రూక్ తీసిపారేశారు. మరికొన్నిసార్లు తన మీదే ప్రయోగాలు చేసుకుని, చివరికి గుండెను వదిలి యూరాలజీ వైపు వెళ్లిపోయారు. 1932లో నాజీ పార్టీలో చేరారు. అది ఆయన జీవితంలో దాచకూడని మచ్చ. యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేసి, అమెరికన్లకు బందీగా చిక్కారు. విడుదలయ్యాక కొంతకాలం ప్రాక్టీసు చేయనివ్వకపోతే అడవిలో కట్టెలు కొట్టారు. తర్వాత, తనలాగే డాక్టరైన భార్య ఎల్స్‌బెట్‌తో కలిసి పల్లెలో వైద్యం చేశారు.

ఇంతలో న్యూయార్క్‌లో ఆండ్రే కూర్నాండ్, డికిన్సన్ రిచర్డ్స్ ఆయన పద్ధతినే 1940ల్లో రోగుల పరీక్షగా మలిచారు. 1956లో ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చేనాటికి ఫోర్స్‌మన్ ఓ చిన్న పట్నంలో యూరాలజిస్టు. 1977లో జ్యూరిక్‌లో గ్రూంట్‌జిగ్ గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచారు. అది ఆయన బతికుండగానే జరిగింది. 1979 జూన్ 1న గుండె జబ్బుతోనే కన్నుమూశారు.

ఆయన గొట్టం కుడి కర్ణికలో ఆగింది. మైట్రల్ కవాటం ఉన్నది ఎడమ వైపు. మధ్యలో ఒక్క గోడే అడ్డం. ఇప్పుడు క్లిప్ వేసేవారు తొడ మొదట్లోని సిరలోంచి కుడి కర్ణికకు చేరి, ఆ గోడకు సూదితో చిన్న రంధ్రం చేసి ఎడమ కర్ణికలోకి వెళ్తారు. సరిగా మూసుకోని కవాటం రెండు రేకులనూ మధ్యలో కలిపి క్లిప్ బిగిస్తారు. రేకులను మధ్యలో కుట్టే ఈ ఉపాయం ఇటలీ సర్జన్ ఒట్టావియో ఆల్ఫియెరిది. 1991లో ఆయన ఛాతీ తెరిచి చేసినదాన్నే 2003 నుంచి క్యాథెటర్‌తో చేస్తున్నారు. గొంతులోంచి దించిన ఎకో చూస్తూ, గుండె కొట్టుకుంటుండగానే పని ముగిస్తారు.

బైపాస్ అయినవారికి ఇది ఎందుకు ముఖ్యం? రెండోసారి ఛాతీ తెరవడం మొదటిసారి అంత తేలిక కాదు. లోపల కణజాలాలు ఎముకకు అతుక్కుని ఉంటాయి. బైపాస్ చేసిన రక్తనాళం రొమ్ము ఎముక వెనకే ఉండొచ్చు. రంపం దానికి తగిలితే ప్రమాదం. పైగా వీళ్లలో చాలామందికి కవాటం పాడై ఉండదు. గుండెపోటుతో దెబ్బతిన్న కండరం సాగి, రేకులను పక్కకు లాగేస్తుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే దగ్గు, కాళ్ల వాపు మొదలవుతాయి.

అలాగని ఆయాసం రాగానే క్లిప్ కాదు. 2018లో రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. ఒకదానిలో ఏ తేడా కనపడలేదు. రెండోదానిలో మందులు మాత్రమే వాడినవారిలో రెండేళ్లలో 46 శాతం మంది చనిపోతే, క్లిప్ కూడా వేయించుకున్నవారిలో 29 శాతం. ఈ రెండోదానిలో మందులను తగిన మోతాదుకు పెంచినా లీకు తగ్గనివారినే ఎంచుకున్నారు. కాబట్టి మొదట మందులు, కొందరికి ప్రత్యేక పేస్‌మేకర్, ఆ తర్వాతే క్లిప్. సర్జన్, కార్డియాలజిస్టు ఇద్దరూ చూసి నిర్ణయించాలి. రక్తస్రావం, క్లిప్ ఒకవైపు ఊడటం, కవాటం మరీ ఇరుకవటం వంటి సమస్యలూ ఉంటాయి. మా సర్కారు దవాఖానాలకు ఎక్కువగా వచ్చే రుమాటిక్ జబ్బులో రేకులు గట్టిపడి ఇరుకైపోతాయి. వాటికి క్లిప్ సాధారణంగా పనికిరాదు, అనువైనవారికి అదే దారిలో బెలూన్ పంపి తెరుస్తారు.

బైపాస్ నాటి డిశ్చార్జ్ సమ్మరీని, ఆపరేషన్ నోట్స్‌ను ఎన్నేళ్లయినా పారేయకండి. ఏ రక్తనాళాన్ని ఎక్కడ అతికారో అందులో ఉంటుంది. రెండోసారి ఏ దారిలో వెళ్లాలో తేల్చేటప్పుడు డాక్టర్లు మొదట అడిగేది ఆ కాగితాన్నే.