దీనబంధు ఆండ్రూసు – తిరిగివచ్చిన ప్రవాసులు

ఒడంబడికకూలి దాస్యమును తొలగించుటకు పాటుపడిన మహాశయుడుగా సి. ఎఫ్. ఆండ్రూసును మన దేశము స్మరించుచున్నది. ఆ దాస్యము తీరి యిల్లు చేరినవారికొరకు ఆయన పడిన శ్రమను స్మరించువారు తక్కువ. మా యభిప్రాయమున ఈ రెండవదే కష్టతరమైన కార్యము. మొదటిదానిలో ఆయనకు ఎదురు నిలిచినవారు తోటల దొరలు. రెండవదానిలో ఎదురు నిలిచినది మన గ్రామమే.

ఆయన 1871 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని న్యూకాసిలు పట్టణమున జన్మించెను. కేంబ్రిడ్జిలో విద్య ముగించి, 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్సు కళాశాలలో అధ్యాపకుడుగా చేరెను. 1914 జనవరిలో దర్బను రేవున దిగి గాంధీజీ పాదములంటి నమస్కరింపగా అచ్చటి తెల్లవారు కినుక వహించిరి. 1915లో పియర్సనుతో కూడి ఫిజీద్వీపములకు పోయి, కూలీల దురవస్థను స్వయముగా విచారించి లోకమునకు వెల్లడించెను. 1917లో కూలీలను చేర్చుకొనుట నిలిచిపోయెను. 1920 జనవరి 1వ తేదీతో ఫిజీలో మిగిలిన యొడంబడికలును రద్దయ్యెను.

పిమ్మట ఓడలు తిరిగివచ్చెను. వచ్చినవాడు స్వగ్రామమున కాలు పెట్టగనే కులపంచాయతీ ముందు నిలువవలసివచ్చెను. సముద్రము దాటిన తప్పునకు జరిమానా చెల్లింపవలెను, కులమువారికి విందు చేయవలెను. ద్వీపములలో కులాంతరమున పెండ్లాడినవారికి ప్రాయశ్చిత్తమును లేకపోయెను. కూడబెట్టిన సొమ్ము బంధువుల పాలయ్యెను. దున్నుటకు భూమి లేదు, చేయుటకు పని లేదు. అట్టివారు వందలకొలదిగా కలకత్తా చేరి, మటియాబురుజులో మురికి గుడిసెలయందు జ్వరములతో మ్రగ్గుచు, మరల తీసికొనిపోవు ఓడకై ఎదురుచూచిరి. ఆండ్రూసు వారి నడుమకు పోయి వారి గోడు వినెను. పోగోరినవారిని పోనిచ్చుటయే దయ యని ఆయన నిశ్చయించెను.

ఆయన కార్యములలో విమర్శకు పాత్రమైనదియు లేకపోలేదు. 1927 నాటి కేప్‌టౌను ఒప్పందమును ఆయన సమర్థించెను. దాని ప్రకారము దక్షిణాఫ్రికాను విడిచి వచ్చు పెద్దవానికి 20 పౌనులు, బిడ్డకు 10 పౌనులు ఇచ్చి, ఓడకర్చు కూడ భరించిరి. మూడేండ్లలో మరలిపోనివాడు అచ్చటి నివాసపుహక్కును కోల్పోవును. మద్రాసు రేవున దిగిన వీరిలో తమిళులతోపాటు మన తెలుగువారును ఉండిరి. వారిని చూచుటకు ప్రత్యేకోద్యోగిని నియమించినను, చెరకుతోటలలోను పట్టణములలోను బ్రతుకు నేర్చినవారికి తగిన జీవనోపాధి దొరకలేదు. భవానీదయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేదులు 1931లో ప్రకటించిన నివేదిక వీరి దైన్యమును బయలుపరచెను. ఒప్పందమును మెచ్చినవారందరును ఈ ఫలమునకు కొంత బాధ్యులే. ఆండ్రూసును ఇందుండి మినహాయింపజాలము.

అయినను, ఓడ దిగినంతనే మనుష్యుడు ఇల్లు చేరినట్లు కాదని మటియాబురుజు గుడిసెలయందు ముందుగా గ్రహించినవారిలో ఆయన యొకడు. 1940 ఏప్రిల్ 5వ తేదీన కలకత్తాలోనే ఆయన కన్నుమూసెను.

నేడు మన కరీంనగరము, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతములనుండి గల్ఫుదేశములకు పోయినవారు తిరిగివచ్చుచున్నారు. సముద్రయానమునకు జరిమానా విధించు పంచాయతీ ఇప్పుడు లేదు. కాని అప్పులవాడు వాకిట కూర్చుండియే యున్నాడు, ఉత్తచేతులతో వచ్చినవానిని చూచి ఊరు నవ్వుచునే యున్నది. భూమిగలవారు కౌలునకు నాలుగెకరము లిచ్చినను, పట్టణమువారు వాని చేతిపనికి తగిన కూలి యిచ్చినను, సహకారసంఘములు మితమైన వడ్డీకి ఋణమిచ్చినను, వాడు మరల నిలువగలడు. ఆండ్రూసు విగ్రహములకు పూలమాలలు వేయుటకంటె ఇదియే ఆయనకు తగిన శ్రాద్ధమని మేము తలంచుచున్నాము.