విషమును పరీక్షించిన విజ్ఞాని క్లాడ్ బెర్నార్డ్

ఫ్రాన్సు దేశమున ద్రాక్షతోటలకు ప్రసిద్ధిగాంచిన బొజొలే సీమయందు, సెయింట్ జూలియన్ అను పల్లెలో 1813 జూలై 12వ తేదీన క్లాడ్ బెర్నార్డ్ జన్మించెను. ద్రాక్షసాగుపై బ్రతుకు కుటుంబమగుటచే, యౌవనమున లియోన్ నగరమందొక మందుల దుకాణములో పనికి కుదిరెను. పిమ్మట నాటకకర్త కాగోరి ప్యారిస్ చేరెను. అచ్చట నొక సాహిత్య విమర్శకుని హితవు విని వైద్యవిద్య నభ్యసించి, సుప్రసిద్ధుడైన మజాండీ పండితునకు సహాయకుడయ్యెను.

దక్షిణ అమెరికా అడవులలోని ఆదిమజాతులవారు బాణపు మొనలకు కురారే అను విషమును పూయుదురు. అది సోకిన జంతువు పెనుగులాడకయే కదలికలుడిగి మరణించును. కారణమెరుగగోరి బెర్నార్డ్ 1844లో పరీక్షల నారంభించెను. ఒక కప్ప కాలికి రక్తము పారకుండ, నరమును మాత్రము విడిచి, బిగించి కట్టి, పిదప విషమిచ్చెను. విషము సోకిన కాలి నరమును విద్యుత్తుతో ప్రేరేపించినను కండరము కదలలేదు. కండరమునే ప్రేరేపింపగా ముడుచుకొనెను. విషమెక్కిన చర్మమును గిల్లగా, కట్టియుంచిన కాలు చలించెను.

దీనివలన రెండు సత్యములు తేలినవి. కండరము చావలేదు, నరము పంపు ఆజ్ఞయే దానికి అందుట లేదు. బాధ నెరుగు శక్తియు చెడలేదు. చూచువారికి ప్రశాంతముగా తోచు ఆ మరణము, నిజమునకు కదలలేని దేహమున బందీయైన ప్రాణి పడు యాతన.

విషముచే చలననరమే చెడునని బెర్నార్డ్ తలంచెను. నరము, కండరము కలియు చోటనే ఆటంకమున్నదని తరువాతివారు గ్రహించిరి. నరము కొననుండి అసిటైల్‌కోలిన్ అను పదార్థము వెలువడి, కండరముపై తనకై యున్న స్థానమున చేరిననే కదలిక పుట్టును. పెండ్లికొడుకు పీటపై పరుడు కూర్చున్నట్లు, కురారే ఆ స్థానము నాక్రమించును.

1942లో మాంట్రియల్ నగరమున గ్రిఫిత్ అను వైద్యుడు శస్త్రచికిత్సలో కండరములను సడలించుటకు ఈ విషమునే వినియోగించెను. ఇట్టి మందులు స్పృహను పోగొట్టవు, శ్వాసను మాత్రము నిలుపును. కావున నిద్రమందును, కృత్రిమశ్వాసయు తప్పనిసరి.

ఈ జ్ఞానమునకు మూగజీవులు చెల్లించిన మూల్యము గొప్పది. ఆ పరీక్షలను భార్య సహింపలేదు. తుదకు దంపతులు విడిపోయిరి. బెర్నార్డ్ మాత్రము పల్లెను మరువక ద్రాక్షకోతలకు వచ్చుచుండెడివాడు. అనారోగ్యముతో అచ్చట విశ్రమించిన కాలముననే, ప్రయోగ వైద్యమును గూర్చి 1865లో వెలువడిన మహాగ్రంథమునకు రూపము దిద్దెను.

1878 ఫిబ్రవరి 10వ తేదీన ఆయన కన్నుమూయగా, ఫ్రాన్సు ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిపెను. ఆ దేశమున విజ్ఞానియొకనికి అట్టి గౌరవము దక్కుట అదియే ప్రథమము.